సికింద్రాబాదు నుండి చికాగోకు: యోగాచార్యులకు ప్రమాణమై నిలిచిన స్వామి వివేకానంద

జీర్ణోద్ధరణ పూర్తయి, కుంభాభిషేకానికి సిద్ధమైన ఆలయప్రాంగణంలో నిలిచినప్పుడు ఒక్క విషయం గమనించండి. శిల్పి ఎంత నేర్పుతో చెక్కినా శిల వెంటనే పూజార్హం కాదు. జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం వంటి సంస్కారాలన్నీ ఆగమోక్తంగా జరిగి, ప్రాణప్రతిష్ఠ పూర్తయిన తరువాతనే అది మూర్తియై మన నమస్కారాలు అందుకొంటుంది. శిలకే ఇన్ని సంస్కారాలు విధించిన మన పూర్వులు, ఇతరులకు యోగమార్గాన్ని బోధింపబూనిన మానవునికి ఏ సంస్కారాన్ని విధించారు? ఎవరు ఆచార్యుడు కాగలడు? ఎవరు కాలేడు?

ఈ ప్రశ్న నేడు మరింత ముఖ్యమైనది. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న చేసిన తీర్మానం ననుసరించి, 2015 నుండి ఏటా జూన్ 21వ తేదీని ప్రపంచమంతటా అంతర్జాతీయ యోగదినోత్సవంగా జరుపుకొంటున్నారు. యోగశిక్షకుల కోసం దేశదేశాలలో సంస్థలు, పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, ధ్రువపత్రాలు ఏర్పడ్డాయి. ఈ మహావృక్షానికి బీజం వేసినవారిలో అగ్రగణ్యులు, ఏ ధ్రువపత్రమూ చేత లేకుండా సముద్రం దాటిన ఒక యువసన్న్యాసి. ఆ ప్రయాణసంకల్పాన్ని వేయిమందికి పైగా ఉన్న సభలో వారు ప్రకటించిన చోటు మన సికింద్రాబాదు. ఆ మహనీయులే స్వామి వివేకానంద. మన ఊరికి గర్వకారణమైన ఆ ఘట్టాన్నీ, దాని వెనుకా ముందూ గల వారి జీవితాన్నీ ఈ సంచిక ద్వారా మీకు విన్నవించుకొనే భాగ్యం కలిగింది.

గురుసన్నిధి

1863 జనవరి 12న, మకర సంక్రాంతి పర్వదినాన, కలకత్తాలో విశ్వనాథ దత్తు, భువనేశ్వరీదేవి దంపతులకు నరేంద్రనాథుడు జన్మించాడు. తండ్రి పేరు పొందిన న్యాయవాది. బాలుడు చదువులోను, సంగీతంలోను, వ్యాయామంలోను చురుకైనవాడు. కళాశాలలో పాశ్చాత్య తత్త్వశాస్త్రం చదివిన కొద్దీ అతనిలో సంశయం పెరిగింది. భగవంతుని చూచినవారు ఉన్నారా అన్న ప్రశ్న పట్టుకొని పెద్దలనేకులను కలిశాడు. 1881లో శ్రీరామకృష్ణ పరమహంస దర్శనం లభించింది. అచ్చట మాత్రమే అతని ప్రశ్నకు జంకు లేని సమాధానం దొరికింది.

అయినా నరేంద్రుడు వెంటనే తల వంచలేదు. గురువును పరీక్షించాడు, వాదించాడు. పరమహంస కూడ శిష్యుని పరీక్షించారు. 1884లో తండ్రి హఠాత్తుగా మరణించడంతో ఇల్లు అప్పులపాలైంది. ఉద్యోగం కోసం ఎండలో చెప్పులు లేకుండా కార్యాలయాల చుట్టూ తిరిగిన రోజులవి. తల్లి, తమ్ముళ్లు, చెల్లెళ్లు పస్తులుండే స్థితి వచ్చినప్పుడు, దక్షిణేశ్వర కాళికాలయంలోనికి వెళ్లి కష్టం తీర్చమని అమ్మవారిని అర్థించమన్నారు గురుదేవులు. నరేంద్రుడు మూడుసార్లు లోనికి వెళ్లాడు. మూడుసార్లూ ధనం అడగడానికి నోరు రాలేదు. వివేకం, వైరాగ్యం, జ్ఞానం, భక్తి మాత్రమే కోరుకొని వెలుపలికి వచ్చాడు. ఆ కుటుంబానికి సామాన్యమైన అన్నవస్త్రాలకు లోటు ఉండదని పరమహంస అభయమిచ్చారు. ఆలయానికి వచ్చి ఏమి కోరాలో తెలియక తడబడే మనవంటివారికి ఈ సంఘటన ఎన్నటికీ స్మరణీయం.

కాశీపూరు ఉద్యానగృహంలో గురుదేవులు అంత్యదశలో ఉండగా, సమాధిసుఖంలోనే నిరంతరం ఉండిపోవాలని నరేంద్రుడు కోరాడు. ఆ కోరికను పరమహంస మందలించారు. వేలమందికి నీడనిచ్చే మర్రిచెట్టు కావలసినవాడు తన ముక్తిని మాత్రమే చూచుకోవడం తగదని బోధించారు. యోగసాధన తనకు ఫలించిన తరువాత దానిని లోకానికి పంచవలసిన బాధ్యత ఆచార్యునికి ఉన్నదన్న పాఠాన్ని నరేంద్రుడు అచ్చటనే నేర్చుకొన్నాడు. 1886 ఆగస్టు 16న పరమహంస మహాసమాధి చెందారు. పిమ్మట యువశిష్యులు వరాహనగరంలో ఒక పాడుబడిన ఇంట మఠం ఏర్పరచుకొని తపస్సు సాగించారు.

పరివ్రాజక దశలో 1890లో గాజీపురంలోని పవహారి బాబా అనే యోగివద్ద యోగసాధన నేర్చుకోవాలని స్వామీజీకి కోరిక కలిగింది. దీక్షకు సిద్ధమైన ప్రతి రాత్రీ పరమహంస రూపం కనులముందు నిలిచి మౌనంగా తమవంక చూచేదట. చివరికి ఆ ప్రయత్నం విరమించుకొన్నారు. పవహారి బాబాపై గౌరవం జీవితాంతం నిలుపుకొన్నారు గాని, గురునిష్ఠను మార్చుకోలేదు. పలుచోట్ల పలు విద్యల ముక్కలు ఏరుకొనడం యోగవిద్య కాదని దీనినిబట్టి మనం గ్రహించవచ్చు.

మన జంటనగరాలలో ఒక వారం

హిమాలయం నుండి కన్యాకుమారి వరకు కాలినడకన, రైలులో, రాజుల ఆతిథ్యంలో, పేదల గుడిసెలలో సంచరించి, 1892 డిసెంబరులో కన్యాకుమారి శిలపై ధ్యానమగ్నులైన స్వామీజీ, 1893 ఆరంభంలో మద్రాసు చేరారు. అళసింగ పెరుమాళ్ మొదలైన యువకులు వారిని చికాగో సర్వమత మహాసభకు పంపాలని చందాలు వసూలు చేయసాగారు. ఆ కాలంలోనే హైదరాబాదు నుండి ఆహ్వానం అందింది. వివేకానంద అన్న నామం అప్పటికింకా స్థిరపడలేదు. మన నగరం నుండి అళసింగకు వ్రాసిన లేఖలో వారు చేసిన సంతకం సచ్చిదానంద అని.

1893 ఫిబ్రవరి 10న రైలు దిగిన స్వామీజీకి సుమారు 500 మంది స్వాగతం పలికారు. రాజా శ్రీనివాసరావు బహద్దూర్, పండిత రతన్‌లాల్, షంసుల్ ఉలేమా సయ్యద్ అలీ బిల్‌గ్రామీ మొదలైన హిందూ ముస్లిం ప్రముఖులు, పారసీలు, వర్తకులు అందులో ఉన్నారు. నిజాం ప్రభుత్వంలో ఇంజనీరుగా ఉన్న మధుసూదన ఛటర్జీ గృహంలో వారికి బస ఏర్పాటయింది.

మరునాడు ఉదయం సికింద్రాబాదు హిందూ పౌరులు నూరుమంది పాలు, పండ్లు, మిఠాయిలు తీసుకొని వచ్చి, మహబూబు కళాశాలలో ఉపన్యసించవలసిందిగా ప్రార్థించారు. స్వామీజీ అంగీకరించి 13వ తేదీ నిర్ణయించారు. ఈ ఊరి పౌరులు వట్టి చేతులతో వెళ్లక, అడగవలసినది అడిగి, ఒక చారిత్రక సభకు కారకులైనారని మీరు గుర్తుంచుకోవాలి.

12వ తేదీన నిజాం ప్రభువుల బావగారైన నవాబ్ సర్ ఖుర్షీద్ జా బహద్దూర్ వారు స్వామీజీని తమ సౌధానికి ఆహ్వానించారు. హిందూ పుణ్యక్షేత్రాలను సైతం సందర్శించిన ఉదారహృదయులని ఆ నవాబు గారికి పేరు. దాదాపు రెండు గంటలు మతతత్త్వాలపై సంభాషణ సాగింది. సంభాషణాంతంలో నవాబు గారు స్వామీజీ విదేశయాత్రకై అప్పటికప్పుడే 1000 రూపాయలు సమర్పించబూనారు. ఆనాడు అది సామాన్యమైన మొత్తం కాదు. కాని యాత్రకు భగవదాజ్ఞ ఇంకా స్పష్టం కాలేదనీ, సమయం వచ్చినప్పుడు తామే అడుగుతామనీ చెప్పి స్వామీజీ ఆ ధనాన్ని స్వీకరించలేదు. చేతిలో చిల్లిగవ్వ లేని సన్న్యాసి, తన కార్యానికే ఇవ్వజూపిన ధనాన్ని కూడ సమయం కాలేదని వద్దన్నారు. దాతలైన మీకు ఈ ఘట్టంలోని గాంభీర్యం వేరుగా వివరించనక్కరలేదు. ఇచ్చినవారి ఔదార్యం, తీసుకొననివారి నిగ్రహం రెండూ ఒకే చోట కలిసిన దినమది.

ఫిబ్రవరి 13 ఉదయం ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా వంటి సంస్థాన ప్రముఖులను కలిసిన పిమ్మట స్వామీజీ సికింద్రాబాదు విచ్చేశారు. మహబూబు కళాశాల 1862లో సోమసుందరం మొదలియార్ గారు నెలకొల్పిన విద్యాలయం. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు దాల్చింది. పండిత రతన్‌లాల్ అధ్యక్షత వహించిన ఆ సభలో పాశ్చాత్య దేశాలకు తాము వెళ్లవలసిన కార్యాన్ని గురించి స్వామీజీ ఆంగ్లంలో ప్రసంగించారు. దండు ప్రాంతంలోని ఐరోపావారితో సహా వేయిమందికి పైగా శ్రోతలు వచ్చారు. వేదవేదాంతాల ఔన్నత్యాన్ని, పురాణాలలోని ఆదర్శాలను వివరించి, మాతృభూమి పునరుద్ధరణకై దూరదేశాలకు వెళ్లడం తమ కర్తవ్యమని ప్రకటించారు. చికాగోకు ఏడు నెలల ముందు, ఆ గంభీరస్వరాన్ని ఒక మహాసభగా కూర్చుండి విన్న భాగ్యం మన ఊరివారిదైనది.

ఈ నగరంలోనే స్వామీజీ మరొక విచిత్రం చూచినట్లు 1900లో అమెరికాలో చేసిన ప్రసంగంలో తెలిపారు. ఒక బ్రాహ్మణుడు కౌపీనంతో, స్వామీజీ ఇచ్చిన కంబళి కప్పుకొని, ఆ ప్రాంతంలో దొరకని ద్రాక్షగుత్తులు, నారింజలు, మంచుబిందువులతో కూడిన గులాబీలు రాసులుగా తీసి చూపాడట. స్వామీజీ దానిని వెక్కిరించలేదు, దానికి మోకరిల్లనూ లేదు. మనశ్శక్తులలో అదొకటని పరిశీలించారు. అటువంటి సిద్ధులు యోగికి గమ్యం కావనీ, వాటిలో చిక్కుకొన్నవాడు దారి తప్పుతాడనీ తరువాత తమ గ్రంథంలో హెచ్చరించారు. ఆశ్చర్యపరచగలవాడు ఆచార్యుడు కానక్కరలేదన్న వివేకం అది.

ఫిబ్రవరి 17న వారు మద్రాసుకు తిరుగుప్రయాణమైనప్పుడు వేయిమందికి పైగా స్టేషనుకు వచ్చి వీడ్కోలు చెప్పారు.

అర్హతాపత్రం లేని ప్రతినిధి

1893 మే 31న బొంబాయిలో ఓడ ఎక్కిన స్వామీజీ కొలంబో, సింగపూరు, హాంగ్‌కాంగ్, జపాన్‌ల మీదుగా పయనించి జూలై చివరలో చికాగో చేరారు. అచ్చట తెలిసినది: సభలు సెప్టెంబరు వరకు ప్రారంభం కావు. ఏదైనా గుర్తింపు పొందిన సంస్థ పంపినట్లు పరిచయపత్రం లేనివారిని ప్రతినిధిగా అంగీకరించరు. ప్రతినిధుల నమోదు గడువు కూడ దాటిపోయింది. చేతిలోని ధనం కరిగిపోతున్నది. వేదాంతం తెలిసినా, సాధన ఉన్నా, కాగితం లేదు.

ఖర్చు తక్కువని బోస్టన్ ప్రాంతానికి వెళ్లిన స్వామీజీకి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రీకు భాషాచార్యులైన జాన్ హెన్రీ రైట్ పరిచయమైనారు. వారి పాండిత్యానికి ముగ్ధులైన ఆ ఆచార్యులు, ఇటువంటివారిని అర్హతాపత్రం అడగడం సూర్యుని ప్రకాశించే హక్కు ఏమిటని అడగడం వంటిదని భావించి, సభానిర్వాహకులకు స్వయంగా లేఖ వ్రాసి, ప్రయాణపు టిక్కెట్టు కూడ కొనిచ్చారు. చికాగోలో ఆ చిరునామా పోగొట్టుకొని రైల్వే యార్డులో ఒక ఖాళీ పెట్టెలో రాత్రి గడిపి, మరునాడు వీధిలో అలసి కూర్చున్న సన్న్యాసిని శ్రీమతి హేల్ అనే గృహిణి ఆదరించి సభాస్థలికి చేర్చారు. 1893 సెప్టెంబరు 11న ఏమి జరిగిందో లోకమెరుగును.

ఇందులో మీరు గమనించవలసిన సూక్ష్మమున్నది. స్వామీజీ విషయంలో పత్రం లేకున్నా అర్హత ఉన్నది. దానిని గుర్తించడానికి మరొక విద్వాంసుడు కావలసివచ్చాడు. పత్రం లేకపోవడం గొప్ప అని దీని అర్థం కాదు. అర్హతను పరీక్షించగల యోగ్యుడు పరీక్షించినప్పుడే పత్రానికి విలువ అన్నదే సారం. ఈ బాధను స్వయంగా అనుభవించినవారు కనుకనే, తమ తరువాత వచ్చే ఆచార్యులను ఒంటరిగా, ఆధారం లేకుండా పంపకుండ, ఒక వ్యవస్థను నిర్మించడానికి పూనుకొన్నారని భావించవచ్చు.

రుసుము లేని పాఠశాల

1894 నవంబరులో న్యూయార్కులో వేదాంత సమాజం వెలసింది. 1895 ఆరంభం నుండి ఆ నగరంలో ఒక సామాన్యమైన అద్దె ఇంట స్వామీజీ యోగతరగతులు ప్రారంభించారు. కుర్చీలు చాలక శ్రోతలు నేలపై, మెట్లపై కూర్చొనేవారు. ధర్మబోధకు వెల కట్టరాదన్నది వారి నియమం. ఇంటి అద్దె కోసం భారతదేశాన్ని గురించిన లౌకికోపన్యాసాలు చేసి, ఆ సొమ్ముతో యోగతరగతులు ఉచితంగా నడిపారు. మంచి అంతస్తు గలవారిని మాత్రమే చేర్చుకోవాలని కొందరు సూచించినా, వారు లెక్కచేయక వచ్చినవారందరికీ తలుపు తెరిచే ఉంచారు.

1895-96 శీతకాలంలో పతంజలి యోగసూత్రాలపై చెప్పిన పాఠాలను గుడ్విన్ అనే ఆంగ్లయువకుడు సంక్షిప్తలిపిలో వ్రాసుకొన్నాడు. అవి 1896లో రాజయోగ గ్రంథంగా వెలువడ్డాయి. యోగాన్ని గురించి పాశ్చాత్యులు చదివిన గ్రంథాలలో దాని ప్రభావం అపారం. యమనియమాలు పునాది కాగా, ఆసన ప్రాణాయామాలు గోడలు, ధారణ ధ్యాన సమాధులు శిఖరం అన్న క్రమాన్ని వారు విడువలేదు. ప్రాణాయామాన్ని గురువు పర్యవేక్షణలోనే అభ్యసించాలన్నారు. రహస్యమని భయపెట్టేదీ, మనిషిని బలహీనపరచేదీ యోగం కాదనీ, ప్రతి మెట్టునూ సాధకుడు స్వానుభవంతో పరీక్షించుకోవాలనీ బోధించారు. ఆలయానికి పునాది తీయకుండ గోపురం ఎత్తరాదని మీకు తెలియనిది కాదు.

తొందరపాటు నేర్పిన పాఠం

1895 వేసవిలో సెయింట్ లారెన్స్ నదిలోని సహస్రద్వీపోద్యానంలో, ఒక శిష్యురాలి కుటీరంలో, పన్నెండుమంది విద్యార్థులతో దాదాపు ఏడు వారాలు స్వామీజీ గురుకులవాసం నడిపారు. తమ పిమ్మట బోధన సాగించగలవారిని సిద్ధపరచాలన్నది సంకల్పం. ఒకే ఇంట ఉంటూ, వంటపనులు పంచుకొంటూ, ఉపనిషత్తులు, భక్తిసూత్రాలు, గీత శ్రవణం చేస్తూ గడిపిన రోజులవి. అచ్చట ఐదుగురికి బ్రహ్మచర్యదీక్ష, ఇద్దరికి సన్న్యాసదీక్ష ఇచ్చారు.

జీవితకథలలో మంచిని మాత్రమే చెప్పి ఊరకుండుట సత్యానికి న్యాయం కాదు. సన్న్యాసం పొందిన ఆ ఇద్దరు, కృపానంద, అభయానంద, తరువాతి సంవత్సరాలలో స్వామీజీకి దూరమైనారు. ఆ వియోగం వారి మనస్సును నొప్పించకుండ ఉంటుందా? ఏడు వారాల దీక్ష ఎంత తీవ్రమైనదైనా, కాషాయాన్ని నిలుపుకొనే దార్ఢ్యాన్ని అందరికీ ఇవ్వలేకపోయింది. బ్రహ్మచర్యం మాత్రమే పొందినవారిలో ఎలెన్ వాల్డో వంటివారు చివరివరకు నమ్మకంగా పనిచేశారు. క్రిస్టీన్ అనే మరొక శిష్యురాలు భారతదేశానికి వచ్చి బాలికల విద్యకై శ్రమించారు. బిరుదు పెద్దదైనంత మాత్రాన ఆచార్యత్వం రాదన్న సత్యానికి ఇంతకంటె నిదర్శనమేమి కావలె?

గురువుకుండవలసిన అర్హతలను భక్తియోగ ప్రసంగాలలో స్వామీజీ శాస్త్రప్రకారం మూడుగా చెప్పారు. మొదటిది శ్రోత్రియత, అనగా శాస్త్రంలోని మాటలనే కాక దాని హృదయాన్ని ఎరిగి ఉండుట. రెండవది నిష్కల్మషత, అనగా నడవడి శుద్ధమై ఉండుట. గణితం నేర్పేవాని నడవడి ఎట్లున్నా లెక్క తప్పకపోవచ్చు. ఆధ్యాత్మికంలో మాత్రం నేర్పేవాని జీవితమే పాఠ్యపుస్తకం. మూడవది కామరాహిత్యం, అనగా ధనం, కీర్తి, పేరుప్రతిష్ఠల కోసం బోధించకుండుట. ప్రేమ ఒక్కటే బోధకు ప్రేరణ కావాలి.

సముద్రాల మీదుగా అల్లిన బంధం

తాము ఒక్కరే అన్నిచోట్లా ఉండలేరు. కనుక తమ గురుసోదరులను పిలిపించారు. 1896లో శారదానందస్వామి లండను చేరి, అనంతరం న్యూయార్కు వెళ్లారు. అదే సంవత్సరం అభేదానందస్వామి లండనులో తొలి ఉపన్యాసం చేసినప్పుడు, స్వామీజీ శ్రోతలలో కూర్చొని విని పొంగిపోయారు. తమ కంఠం ఆగిపోయినా ఈ కంఠం ద్వారా ఆ బోధ లోకానికి వినిపిస్తుందన్న తృప్తి వారిది. శిక్షణ అంటే అదే: ముందు నేర్పుట, పిమ్మట వేదిక ఇచ్చుట, ఆ తరువాత తాను వెనుక వరుసలో కూర్చొనుట.

1899లో తురీయానందస్వామిని వెంటబెట్టుకొని వెళ్లారు. ఉపన్యాసాలంటే విముఖులైన ఆ తపస్వికి, ప్రసంగాలు అక్కరలేదు, జీవించి చూపితే చాలునని నచ్చజెప్పారు. కాలిఫోర్నియాలో ఒక శిష్యురాలు సమర్పించిన 160 ఎకరాల ఏకాంతభూమిలో 1900లో తురీయానందులు శాంతి ఆశ్రమం స్థాపించారు. స్వామీజీ నిర్యాణానంతరం 1903లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన త్రిగుణాతీతానందస్వామి అచ్చట నిర్మించిన హిందూ దేవాలయం 1906లో ప్రతిష్ఠితమైనది. పాశ్చాత్యదేశాలలో తొలి హిందూ దేవాలయంగా అది ప్రసిద్ధి పొందినది.

స్వదేశంలో కూడ అదే శ్రద్ధ. 1897 మార్చిలో రామకృష్ణానందస్వామిని మద్రాసుకు పంపారు. మే 1న కలకత్తాలో రామకృష్ణ మిషన్ స్థాపించారు. సాధువుల దినచర్య, అధ్యయనం, ధ్యానం, వ్యాయామం, సేవ అన్నిటికీ నియమావళి వ్రాయించారు. తమకేమీ తెలియదని బోధనకు వెళ్లుటకు సంకోచించిన విరజానందుల వారితో, ఏమీ తెలియదని తెలుసుకొనుటే గొప్ప సందేశం, దానినే చెప్పిరమ్మన్నారట. వినయం లేనివాడు బోధకుడు కాలేడన్న రహస్యం అందులో ఇమిడి ఉన్నది.

ధనవ్యవహారంలో వారి కట్టుదిట్టం దాతలందరూ తెలుసుకొనదగినది. ఒక కార్యానికి వచ్చిన నిధిని, పస్తులుండవలసి వచ్చినా సరే, మరొక కార్యానికి వాడరాదని, పైసకు పైస లెక్క వ్రాయాలని గురుసోదరులకు ఖండితంగా ఆదేశించారు.

బేలూరు ప్రతిష్ఠ

గంగాతీరాన బేలూరులో 1898లో భూమి సమకూరింది. కుమారి ముల్లర్, శ్రీమతి ఓలీ బుల్ అనే విదేశీ శిష్యురాళ్ల విరాళం అందుకు తోడ్పడింది. ఆ సంవత్సరం డిసెంబరు 9న శ్రీరామకృష్ణుల అస్థికలున్న పాత్రను స్వామీజీ తమ కుడిభుజంపై మోసుకొని ఊరేగింపుగా తెచ్చి ప్రతిష్ఠించారు. స్వయంగా హోమం చేశారు, శిష్యుల సాయంతో పాయసం వండి నివేదించారు. సముద్రాలు దాటి కీర్తి గడించిన ఆ భుజం ఆనాడు గురుదేవుని మోసే వాహనమైనది. భవిష్యత్తులో నిర్మింపవలసిన మహాలయం ఎట్లుండాలో ఇంజనీరైన విజ్ఞానానందస్వామికి వివరించి నమూనా గీయించారు. తమ జీవితకాలంలో అది నెరవేరలేదు. అమెరికా భక్తురాళ్ల విరాళంతో నిర్మితమై, 1938 జనవరి 14న ఆ విజ్ఞానానందుల హస్తాల మీదుగానే ప్రతిష్ఠ జరిగింది. సంకల్పానికి, ప్రతిష్ఠకు నడుమ దాదాపు నాలుగు దశాబ్దాలు. తాము చూడబోని గోపురానికి సంకల్పం చేసినవారు మహాత్ములు. ఏ పునరుద్ధరణలోనైనా, ముందుతరం విడిచిన పనిని అందుకొన్న చేతులు ధన్యములు.

మధుమేహం, ఉబ్బసం దేహాన్ని కృశింపజేసినా బోధన మానలేదు. 1902 జూలై 4, వారి అంతిమదినం. ఉదయం చాలాసేపు ధ్యానం చేశారు. మధ్యాహ్నం బ్రహ్మచారులకు దాదాపు మూడు గంటలు సంస్కృత వ్యాకరణం చెప్పారు. సాయంకాలం ప్రేమానందస్వామితో నడుస్తూ వేదపాఠశాల నెలకొల్పవలసిన ఆవశ్యకతను గురించి మాట్లాడారు. రాత్రి తొమ్మిది దాటిన తరువాత ధ్యానంలోనే మహాసమాధి చెందారు. వయస్సు 39 సంవత్సరాలు. ప్రపంచఖ్యాతి పొందినవారి చివరి పని, కొద్దిమంది విద్యార్థులకు వ్యాకరణపాఠం చెప్పుట.

నేటి ప్రమాణాలు, నాటి ప్రమాణం

పిమ్మట యోగవిద్య అనేక పాయలుగా విస్తరించింది. 1918లో శ్రీ యోగేంద్ర బొంబాయిలో యోగసంస్థను, 1924లో స్వామి కువలయానంద లోణావళాలో కైవల్యధామాన్ని స్థాపించారు. మైసూరు రాజప్రాసాదంలో కృష్ణమాచార్యులు తీర్చిదిద్దిన శిష్యులు ఆసనవిద్యను ఖండాంతరాలకు తీసుకొనిపోయారు. శివానందుల శిష్యులైన విష్ణుదేవానందస్వామి 1969లో పాశ్చాత్యదేశాలలో యోగశిక్షకుల శిక్షణక్రమం ప్రారంభించారు. 1999లో అమెరికాలో వెలసిన యోగా అలయన్స్ 200 గంటలు, 500 గంటల శిక్షణలను కొలబద్దలుగా ప్రచారంలోనికి తెచ్చింది. భారత ప్రభుత్వ ఆయుష్ మంత్రిత్వశాఖ ప్రోద్బలంతో 2015లో యోగశిక్షకుల ధ్రువీకరణ పథకం, 2018లో యోగ ధ్రువీకరణ మండలి ఏర్పడ్డాయి.

ఇవి అవసరమే. వెన్నెముక, మోకాలు, శ్వాస ఎట్లు పనిచేస్తాయో తెలియనివాడు ఆసనం చెప్పితే ఆరోగ్యం మాట అటుంచి ప్రమాదం కలుగవచ్చు. గంటల లెక్క, పాఠ్యప్రణాళిక, పరీక్ష ఆ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. కాని గంటలతో కొలవగలిగినది విద్యను మాత్రమే. స్వామీజీ చెప్పిన మూడు అర్హతలలో మొదటిదానిలో కొంతభాగమే పరీక్షకు అందుతుంది. నడవడిని, నిష్కామతను ఏ పరీక్షాపత్రమూ కొలవలేదు. వాటిని కొలవవలసినవారు శిష్యులు, సమాజం, చివరకు ఆచార్యుని అంతరాత్మ. అందుచేతనే రామకృష్ణ సంఘంలో సన్న్యాసం ఇచ్చుటకు పూర్వం ఏళ్ల తరబడి బ్రహ్మచర్యదశ, శిక్షణ, సేవ ఉంటాయి. ఏడు వారాలకు, ఆ ఏళ్లకు గల వ్యత్యాసంలో ఒక జీవితానుభవం ఉన్నది.

ఆ సంఘానికి నేడు స్వదేశ విదేశాలలో రెండువందలకు పైగా కేంద్రాలున్నాయి. మన భాగ్యనగరంలో 1973లో ఏర్పడిన రామకృష్ణ మఠానికి రంగనాథానందస్వామి తొలి అధ్యక్షులు. దోమలగూడలోని ఆ మఠానికి, స్వామీజీ నాడు ప్రసంగించిన మహబూబు కళాశాలకు నడుమ దూరం కొద్ది మైళ్లే. అయితే ఆ కొద్ది మైళ్ల దారి చికాగో, న్యూయార్కు, లండను, బేలూరుల మీదుగా ఎనభై సంవత్సరాలు నడిచి మన ఊరికి చేరుకొన్నది.

భక్తమహాశయులారా! మీ బిడ్డలను యోగాభ్యాసానికి పంపేటప్పుడు గోడపై వ్రేలాడే ధ్రువపత్రాన్ని తప్పక చూడండి. దానితో తృప్తి పడక, ఈ ఆచార్యుడు తాను చెప్పేదాని హృదయమెరిగినవాడా, దానిని ఆచరించేవాడా, ప్రేమతో బోధించేవాడా అని మూడు ప్రశ్నలు మీ మనస్సులో వేసుకోండి. మీరే ఎవరికైనా బోధించే స్థానంలో ఉంటే, ముందుగా ఆ ప్రశ్నలను మీకే వేసుకోండి.

కుంభాభిషేక మహోత్సవవేళ, శిలకు జరిగే సంస్కారాలను కనులారా దర్శించే మనకు, మన హృదయాలకు జరుగవలసిన సంస్కారం స్ఫురించుగాక! ఈ ఊరి వీధులలో నడిచిన ఆ యతీంద్రుల అనుగ్రహం, ఆలయంలో కొలువుదీరిన స్వామివారి కరుణ మీ కుటుంబాలపై సదా వర్షించుగాక!

శుభం భూయాత్.